డిసెంబరులో కాస్త చోటు: ఇంటిల్లిపాదికీ క్రిస్మస్‌ను తేలిక చేసుకోవడం ఎలా

ఒక డిసెంబరులో మా ఇంటి గోడ క్యాలెండర్ మీద క్రిస్మస్ అని రాసుకున్న తేదీలు లెక్కపెడితే పదకొండు తేలాయి. పిల్లల స్కూల్లో సెమీ క్రిస్మస్ (25కి ముందే చేసుకునే వేడుక), మా ఆయన ఆఫీసులో ఒకటి, అపార్ట్‌మెంటులో ఒకటి, సండే స్కూలుది, స్త్రీల సమాజానిది, యూత్ వాళ్ళది, చుట్టాల ఇళ్ళల్లో మూడు, విజయవాడలో మా అన్నయ్య వాళ్ళు పెట్టుకున్నది ఇంకొకటి. పదకొండోది 25వ తేదీ. ఆ తెల్లవారుజాము ఆరాధనలో నాకు నిలబడే కళ్ళు మూతలు పడ్డాయి. మధ్యాహ్నానికి జ్వరం. సాయంత్రం మా అత్తమ్మ గదిలోకి వచ్చి నుదుటి మీద చెయ్యేసి, "పండగంతా నువ్వే మోశావమ్మా, నీకు పండగ మిగల్లేదు" అంది.

ఆ మాట నన్ను వదల్లేదు. అప్పటినుంచి ఏడాదికొకటీ రెండూ మార్చుకుంటూ వచ్చాం. మాది గుంటూరులో లూథరన్ కుటుంబం. నా పుట్టిల్లు విజయవాడ గుణదల, కేథలిక్కులం. అంటే రెండిళ్ళ పద్ధతులూ నా నెత్తినే. మీ ఇల్లూ ఇలాగే ఉంటే ఈ కింద రాసినవి పనికొస్తాయి. అన్నీ ఒకే ఏడాది మొదలుపెట్టకండి.

యేసు పుట్టిన కథలో సత్రంలో చోటు దొరకలేదు కదా. మన డిసెంబరు కూడా ఆ సత్రంలాగే కిక్కిరిసిపోయింది. అందుకే నేను పండగ ఖర్చు ఎంత తగ్గింది అని కాకుండా, ఇంట్లో ఎంత చోటు దొరికింది అని చూసుకుంటాను.

నవంబరులోనే ఒక ప్రశ్న అడగండి

నవంబరు మూడో ఆదివారం మధ్యాహ్నం, భోజనాలయ్యాక, ఇంట్లో అందరినీ కూర్చోబెట్టండి. టీవీ కట్టేయండి. "ఏం మానేద్దాం?" అని మాత్రం మొదలుపెట్టకండి. అలా అడిగితే పెద్దవాళ్ళు నొచ్చుకుంటారు, పిల్లలు తమ బట్టలకే ఎసరొచ్చిందనుకుంటారు. ఇలా అడగండి: "ఏది లేకపోతే నీకు క్రిస్మస్ వచ్చినట్టు అనిపించదు? ఒక్కటే చెప్పు."

ఒక్కొక్కరికీ ఒక్కటే. చిన్నవాళ్ళతో మొదలుపెట్టండి, పెద్దవాళ్ళు ముందు చెప్పేస్తే పిల్లలు అదే అప్పజెబుతారు. చెప్పింది చెప్పినట్టు కాగితం మీద రాయండి, మధ్యలో వాదించకండి.

మా ఇంట్లో మొదటిసారి అడిగినప్పుడు వచ్చిన జవాబులు ఇవి. మా వాడు: తాతయ్యతో మేడెక్కి నక్షత్రం కట్టడం. మా అమ్మాయి: అర్ధరాత్రి దాటాక ఇంటింటికీ తిరిగి పాడే కేరల్స్ వాళ్ళు వచ్చి తలుపు కొట్టడం. మా ఆయన: చీకట్లో మంచులో చర్చికి నడిచి వెళ్ళడం. మామయ్య: ఇంట్లో అందరూ కలిసి కీర్తన పాడటం. అత్తమ్మ: గులాబీ పువ్వులు వండే సాయంత్రం. నేను: మా అమ్మ పక్కన ఒక పూట ఏ పనీ లేకుండా కూర్చోవడం.

చూశారా, కొత్త కర్టెన్ల పేరు ఎవరూ ఎత్తలేదు. మూడు అంతస్తుల కేకు అడగలేదు. ఏటా నన్ను పరుగులు పెట్టించిన పనుల్లో సగం ఎవరికీ అక్కర్లేనివే! ఆ కాగితం ఫ్రిజ్ తలుపుకి అంటించండి. అందులో ఉన్నవి తప్పకుండా జరగాలి, మిగతావి వీలును బట్టి.

డబ్బు సంగతి డిసెంబరు 1కి ముందే

మన ఇళ్ళల్లో క్రిస్మస్ నెలాఖరులో వస్తుంది. జీతం ఒకటో తేదీన వస్తుంది, 25 నాటికి చేతిలో ఏమీ ఉండదు. వారం తిరిగేసరికి జనవరి 1, దానికి ఇంకో జత బట్టలు. మెడలోది తాకట్టు పెట్టి పండగ చేసిన ఏడు మాకూ ఉంది. ఆ వడ్డీ ఈస్టర్ దాకా కట్టాం.

ఇప్పుడు నవంబరు ఒకటిన జీతం రాగానే నాలుగు కవర్లు పెడతాం: చర్చి కానుక, బట్టలు, వంట, ఇతరులకి ఇచ్చేది. కానుక కవరు ముందు నింపుతాం, ఎందుకంటే చివరికి మిగిలింది వెయ్యడం కానుక కాదు. ఏ కవరు అయిపోతే ఆ ఖర్చు అక్కడితో ఆగిపోతుంది. ఒక కవర్లోంచి ఇంకో దాంట్లోకి డబ్బు మార్చాలంటే ఇంట్లో ఇంకొకరికి చెప్పి మార్చాలి. ఈ ఒక్క నియమం చాలా ఖర్చులు ఆపింది.

బట్టలు ఒక్క జత. దాన్నే 25న కట్టుకుంటాం, ఉతికి ఇస్త్రీ చేసి 31 రాత్రి ఆరాధనకీ అదే. మొదటి ఏడాది పిల్లలు మూతి ముడిచారు. రెండో ఏడాది ఎవరికీ గుర్తు కూడా లేదు. కొనేది నవంబరు రెండో వారంలోనే కొనండి. విజయవాడ వన్ టౌన్‌లో వస్త్రలత బట్టల మార్కెట్‌కి వెళ్ళేవాళ్ళు మామూలు రోజు పొద్దున్నే వెళితే నిలబడి చూసుకునే వీలుంటుంది. కుట్టించుకునేవి ఉంటే అప్పుడే టైలరుకి ఇచ్చేయండి. డిసెంబరు మొదటి వారం దాటితే మీ జాకెట్టు 24 రాత్రి పదింటికి చేతికొస్తుంది.

సెమీ క్రిస్మస్‌లలో మూడే

ఇది అన్నిటికంటే కష్టమైన పని. అందుకే వివరంగా చెబుతున్నాను.

పిలిచిన ప్రతి చోటికీ వెళ్ళాలన్నది మన మర్యాద. కానీ పది చోట్లకీ వెళ్ళినవాళ్ళు ఏ ఒక్కచోటా మనసు పెట్టలేరు. మేం మూడు ఎంచుకుంటాం: సంఘంలో ఒకటి, పిల్లలు పాల్గొనేది ఒకటి, మన నమ్మకం లేనివాళ్ళు మన కోసం చేసేది ఒకటి. ఈ మూడోది మానకండి. మా ఆయన ఆఫీసులో కేకు తెచ్చి, టోపీలు పెట్టుకుని, పాట రాకపోయినా చప్పట్లు కొట్టేవాళ్ళలో ఎక్కువమంది హిందువులు, ముస్లింలు. అంత ప్రేమగా చేసేదానికి రాననడం నాకైతే తప్పనిపిస్తుంది.

మిగతావాళ్ళకి ఎలా చెప్పాలి? ఉత్తినే "రాలేం" అంటే మన వైపు అలిగారనుకుంటారు. కాబట్టి వద్దన్నప్పుడల్లా ఇంకో రోజు చేతిలో పెట్టండి. నేను మా ఆడపడుచుతో అన్న మాట ఇది: "వదినా, ఈసారి సాయంత్రాలు పిల్లలతో ఇంట్లోనే ఉందామనుకున్నాం. 28న మీ ఇంటికి వస్తాం, ఏమీ వండొద్దు, పచ్చడి మెతుకులు చాలు." ఆమె ముందు ఊరుకుంది. తర్వాత, "నిజంగా వస్తారా?" అంది. వెళ్ళాం. మూడు గంటలు కూర్చున్నాం. సెమీ క్రిస్మస్ జనంలో పదేళ్ళుగా మాట్లాడుకోని సంగతులు ఆ రోజు మాట్లాడుకున్నాం.

పాస్టరు గారికి మాత్రం ఫోన్లో కాకుండా, ఆదివారం ఆరాధన అయ్యాక స్వయంగా చెప్పండి. ఏ రోజు వస్తారో, ఏ పని మీరు తీసుకుంటారో కూడా చెప్పండి. ప్రేమ విందులో వడ్డన మాది అని ముందే చెబితే, మిగతా కమిటీ పనుల్లో మీ పేరు లేదని ఎవరూ అనరు.

కేరల్స్ మా అమ్మాయి కాగితంలో ఉంది కాబట్టి ఆ రాత్రి తప్పదు. యూత్ వాళ్ళు ఏ తేదీన మీ వీధికి వస్తారో ముందే కనుక్కోండి. ఆ మధ్యాహ్నం పిల్లల్ని పడుకోబెట్టండి. కానుక కవరు గుమ్మం దగ్గర, ఫ్లాస్కులో టీ వంటింట్లో. పక్క వాటాలో పసిబిడ్డో, ఒంట్లో బాగోని పెద్దవాళ్ళో ఉంటే డ్రమ్ము మెట్ల కిందే ఆపమనండి. పాట ఒక్కటీ చాలు, ఇంకా బావుంటుంది.

గులాబీ పువ్వుల సాయంత్రం

పిండివంటలు అయిదు రకాలు చేసేదాన్ని. ఇప్పుడు గులాబీ పువ్వులు, జంతికలు, అంతే. అరిసెలు పూర్తిగా వదిలేశాను. ఇరవై రోజుల్లో సంక్రాంతి, ఎదురింటి పిన్నిగారు ఎలాగూ పంపుతారు, ఆవిడ పాకం నాకు రాదు. కేకు బేకరీదే.

గులాబీ పువ్వులకి ఒక కప్పు మైదా, ఒక కప్పు బియ్యప్పిండి, ముప్పావు కప్పు పంచదార పొడి, ఒక గుడ్డు, చిటికెడు ఉప్పు, యాలకుల పొడి. కొబ్బరిపాలు పోస్తూ దోసెల పిండి కంటే కొంచెం జారుగా కలపండి. గడ్డలు లేకుండా వడకట్టి అరగంట పక్కన పెట్టండి. అచ్చు కొత్తదైతే ముందురోజు రాత్రే నూనెలో వేసి ఉంచండి.

నూనె కాగాక అచ్చును అందులోనే రెండు మూడు నిమిషాలు ఉంచి, పైకి తీసి ఒకసారి విదిలించి పిండిలో ముంచండి. ముప్పావు వంతు వరకే ముంచాలి. పిండి అచ్చు పైకి ఎక్కిందా, పువ్వు ఊడి రాదు. ముంచగానే చుయ్‌మనాలి. ఆ చప్పుడు రాకపోతే అచ్చు వేడి చాల్లేదని. పిండి పట్టకుండా జారిపోతుంటే అచ్చు మరీ కాలిపోయిందని, కాస్త ఆగండి. నూనెలో పెట్టి మెల్లగా ఊపితే పువ్వు విడిపోతుంది, లేకపోతే పుల్లతో అంచు కదపండి. మొదటి రెండు మూడు పాడవడం మామూలే. బాగా చల్లారాకే డబ్బాలో పెట్టండి, లేకపోతే మెత్తబడతాయి.

పని పంచడం ముఖ్యం. మా ఇంట్లో అచ్చు అత్తమ్మ చేతిలోనే ఉంటుంది, అది ఇంకొకరికి ఇవ్వదు. పొయ్యి దగ్గర నేను. పువ్వులు తీసి కాగితం మీద పరిచేది మా ఆయన. పళ్ళేల్లో సర్ది మీద రుమాలు కప్పేది పిల్లలు. ఆ పళ్ళేలు ఇరుగుపొరుగుకి పంచేదీ వాళ్ళే. వెళ్ళిన ఇంట్లో ఒక్క నిమిషం కూర్చుని రమ్మని చెప్పండి, గుమ్మంలో ఇచ్చేసి పరిగెత్తుకొస్తారు. మన వైపు ఖాళీ గిన్నె తిరిగి పంపరు. రంజాన్‌కి షీర్ ఖుర్మా, సంక్రాంతికి అరిసెలు అదే గిన్నెలో తిరిగొస్తాయి. ఆ గిన్నెల రాకపోకలు పిల్లలు చూడాలి.

నక్షత్రం, పశువుల పాక

నక్షత్రం ఏటా కొనకండి. వెదురు బద్దలు గట్టిగా ఉంటే కాగితం మార్చుకుంటే సరిపోతుంది. లోపల ఎల్‌ఈడీ బల్బే పెట్టండి, పాతరకం బల్బు వేడికి కాగితం మాడుతుంది. సన్‌షేడ్ కింద కట్టండి. 2023 డిసెంబరు 5న మిచాంగ్ తుపాను బాపట్ల దగ్గర తీరం దాటినప్పుడు మేడ మీద కట్టిన మా నక్షత్రం నానిపోయి అస్థిపంజరం మిగిలింది.

మామయ్య పోయిన ఏడు నక్షత్రం కట్టాలా వద్దా అని తర్జనభర్జన పడ్డాం. చావు జరిగిన ఇంట్లో ఆ ఏడు కట్టరంటారు కొందరు. మీ ఇంట్లోనూ అలాంటి క్రిస్మస్ వస్తే, చుట్టాలు చెప్పింది పక్కన పెట్టి, ఆ మనిషికి అందరికంటే దగ్గరివాళ్ళని అడగండి. అత్తమ్మని అడిగాం. రెండు రోజులు ఏమీ చెప్పలేదు. మూడో రోజు పొద్దున, "పిల్లాడి చేత కట్టించండి" అంది. మా వాడు ఒక్కడే మేడెక్కాడు, కింద నిచ్చెన మేం పట్టుకున్నాం.

యేసు పుట్టిన పాకను బొమ్మలతో ఇంట్లో పెట్టే అలవాటు మాత్రం నా పుట్టింటి నుంచి తెచ్చుకున్నాను. పశువుల పాకను కళ్ళకు కట్టేలా పెట్టడం మొదలుపెట్టింది కేథలిక్ సన్యాసి అస్సీసీ ఫ్రాన్సిస్, 1223లో, ఇటలీలోని గ్రెచ్చో అనే ఊళ్ళో. మనకి డిసెంబరు వరికోతల కాలం కాబట్టి గడ్డికి కొదవ లేదు, తెనాలి వైపు నుంచి ఎవరొచ్చినా గుప్పెడు తెమ్మనండి. 13వ తేదీ రాత్రి గోధుమలు నానబెట్టి, మర్నాడు పళ్ళెంలో మట్టి పోసి చల్లితే పండగనాటికి పచ్చగా లేచి ఉంటాయి. బొమ్మలన్నీ ముందే పెట్టండి గానీ తొట్టి ఖాళీగా ఉంచండి. ఇంట్లో ఎవరైనా ఇంకొకరికి సాయపడిన రోజు ఒక గడ్డిపరక ఆ తొట్టిలో వెయ్యాలి. ఎవరు ఎందుకు వేశారో అడగకూడదు. బాలయేసు బొమ్మ 24 రాత్రే.

రాత్రికి నాలుగు వచనాలు

డిసెంబరంతా బైబిల్లో రోజుకో అధ్యాయం అని మొదలుపెట్టి నాలుగో రోజుకే మానేసిన ఇల్లు మాది. ఇప్పుడు లెక్క చిన్నది. లూకా సువార్త మొదటి అధ్యాయంలో 80 వచనాలు. డిసెంబరు 1 నుంచి 20 దాకా రోజుకి నాలుగు చదివితే అది పూర్తవుతుంది. రెండో అధ్యాయంలో మొదటి 20 వచనాలు, 21 నుంచి 24 దాకా రోజుకి అయిదు. 24 రాత్రి గొల్లలు పాక దగ్గరికి చేరతారు, అక్కడితో సరి.

వంతులవారీగా చదవండి. ఇంగ్లీషు మీడియం పిల్లలు ఆ పాత తెలుగు దగ్గర తడబడతారు, నవ్వకండి, తొందరపెట్టకండి. "పొత్తిగుడ్డలు" అంటే ఏంటని మా అమ్మాయి అడిగితే, అత్తమ్మ బీరువాలోంచి మా ఆయన పుట్టినప్పటి పాత చీర ముక్క తీసి చూపించింది. ఆ రాత్రి అయిదు వచనాలకి గంట పట్టింది.

ఆదివారం రాత్రుళ్ళు మన ఊరి సంగతి చెప్పండి. 1842 జులై 31న లూథరన్ మిషనరీ ఫాదర్ హయ్యర్ గుంటూరు వచ్చారు. 1883లో అన్నా కుగ్లర్ అనే డాక్టరమ్మ అమెరికా నుంచి వచ్చి, ఆడవాళ్ళకి వైద్యం మొదలుపెట్టి, 1898కి ఆసుపత్రి తెరిచింది, 1930లో ఇక్కడే కన్నుమూసింది. అత్తమ్మ పుట్టింది ఆ కుగ్లర్ ఆసుపత్రిలోనే, ఆ కథ ఆమె చెబితేనే అందం. విజయవాడ పిల్లలకైతే 1924లో గుణదల కొండ మీద మేరీమాత విగ్రహం పెట్టిన కథ ఉంది. ఫిబ్రవరి తిరునాళ్ళు అందరూ చూసినవే, మొదలు తెలిసినవాళ్ళు తక్కువ.

ఇంకొకరికి చోటు

ముందు మీ ఇంట్లో పనిచేసే మనిషితో మొదలుపెట్టండి. మా పనమ్మాయి కూడా క్రిస్టియనే. ఎన్నో ఏళ్ళు 25 పొద్దున మా గిన్నెలు తోమి, ఆ తర్వాత తన పండగకి వెళ్ళేది. తలుచుకుంటే సిగ్గేస్తుంది. ఇప్పుడు 24 నుంచి 26 దాకా సెలవు. చీర, డబ్బు 10వ తేదీ లోపే ఇస్తాం, కుట్టించుకునే వ్యవధి ఆమెకీ కావాలి కదా.

తర్వాత భోజనాల బల్ల దగ్గర ఒక కుర్చీ. ఇంటికి వెళ్ళలేని నర్సింగ్ విద్యార్థినో, దూరపు ఊరినుంచి వచ్చి హాస్టల్లో ఉంటున్న పిల్లాడో, ఒంటరిగా ఉంటున్న రిటైర్డ్ టీచరో. ఒక్కరు, మహా అయితే ఇద్దరు. అయిదుగుర్ని పిలిస్తే అది మళ్ళీ ఫంక్షన్ అవుతుంది.

పెద్దాసుపత్రిలో రోగుల వెంట వచ్చినవాళ్ళకి పొట్లాలు ఇవ్వాలనుకుంటే 25న వద్దు. ఆ రోజు చాలామంది తెస్తారు. 27న వెళ్ళండి. పులిహోర పొట్లాలు కడితే త్వరగా పాడవవు. వార్డులో సిస్టరుని అడగకుండా రోగికి ఏమీ పెట్టకండి. ఫోటోలు తీయకండి, తీసుకునే చెయ్యి మన గొప్పకి ఆనవాలు కాకూడదు.

24, 25 తేదీలు

24 మధ్యాహ్నానికి వంటింటి పని ముగించండి. కోడిమాంసం ముందురోజే చెప్పి ఉంచండి, ఇడ్లీ పిండి రుబ్బి పెట్టండి. ఆరాధన నుంచి రాగానే ఇడ్లీ, మధ్యాహ్నం కోడి పలావు, పెరుగు పచ్చడి. నాలుగు కూరలు అక్కర్లేదు. గిన్నెలు మగవాళ్ళు కడుగుతారు. ఇది ముందే ఒప్పించాల్సిన సంగతి, ఆ రోజు అడిగితే జరగదు.

చర్చికి దగ్గరైతే నడిచి వెళ్ళండి. ఫోన్లు మధ్యాహ్నం దాకా బీరువాలో పెట్టండి. తర్వాత వాట్సాప్‌లో అందరికీ ఒకే బొమ్మ పంపే బదులు ఏడుగురికి ఫోన్ చేసి మాట్లాడండి. మా లెక్క ఏడు. మీరు మూడే చేసినా మంచిదే.

జనవరి 6 దాకా పండగే

క్రిస్మస్ పన్నెండు రోజుల పండగ. 25న మొదలై జనవరి 5తో ముగుస్తుంది, 6న జ్ఞానులు వచ్చిన పండుగ. ఇది గుర్తుపెట్టుకుంటే సగం బరువు దిగిపోతుంది, అన్నీ 25 లోపే ముగించాలన్న తొందర ఉండదు. చుట్టాల ఇళ్ళు, పాత స్నేహితులు, అమ్మావాళ్ళు, అందరికీ ఈ రోజుల్లో చోటుంది. నేను 29న గుణదల వెళతాను, గంట ప్రయాణం. కాగితంలో రాసుకున్నట్టే అమ్మ పక్కన ఒక పూట కూర్చుంటాను. ఆవిడ చిక్కుడుకాయలు ఈనెలు తీస్తుంది, నన్ను ముట్టుకోనివ్వదు.

6వ తేదీన నక్షత్రం దించండి. బల్బు గుడ్డలో చుట్టి, నక్షత్రంతో పాటు అట్టపెట్టెలో పెట్టండి. పెట్టె మూసే ముందు ఒక చిన్న చీటీ రాసి అందులో వెయ్యండి: ఈ ఏడు ఏది బావుంది, ఏది బరువైంది, వచ్చే ఏటికి ఏం కావాలి. ఈ అలవాటు మామయ్యది. ఏటా నవంబరు మూడో ఆదివారం పెట్టె తెరిచి, ముందు ఆ చీటీలు చదువుకుని, ఆ తర్వాతే ప్రశ్న అడుగుతాం. అన్నిటికంటే పాతదాని మీద ఆయన చేతిరాత: "వైరు మార్చాలి. నిచ్చెన పక్కవాళ్ళకి తిరిగి ఇచ్చేశాను. బాబు చెయ్యి ఇంకా అందడం లేదు, వచ్చే ఏటికి అందుతుంది."